పొయ్యి వెనక నాలుగో వైరు

మా పెద్దమ్మ కూతురు అమెరికాలో ఒక చిన్న ఊళ్లో బడిపిల్లలకు లెక్కలు చెబుతుంది. అద్దెకు అపార్ట్‌మెంట్లు దొరికే ఊరు కాదది. అందుకని రెండేళ్ల కిందట ఒక మాన్యుఫ్యాక్చర్డ్ హోం కొనుక్కుంది. మొన్నటి చలికాలంలో ఆ ఇంటి కరెంటు పొయ్యి సగం చచ్చింది. ఓవెన్ వేడెక్కడం మానేసింది, పైనున్న నాలుగు పొయ్యిల్లో రెండే పనిచేస్తున్నాయి. తోటి టీచరు ఒకామె తమ ఇంట్లో వాడకుండా పక్కన పెట్టిన పొయ్యి ఇస్తానంటే, ట్రక్కులో వేయించుకుని తెచ్చింది. తీరా చూస్తే ప్లగ్గు పట్టలేదు. పొయ్యి వైరుకు మూడు పిన్నులు, గోడలో సాకెట్‌కు నాలుగు రంధ్రాలు.

వెంటనే నాకు వీడియో కాల్ చేసింది. "ఒరేయ్, ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివావుగా, ఇదేంటో చూడు. పక్కింటాయన మూడు రంధ్రాల సాకెట్ బిగించేద్దాం, పావుగంట పని అంటున్నాడు. సరే అననా?"

"వద్దక్కా. ఆ నాలుగో రంధ్రం ఊరికే పెట్టింది కాదు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా దాన్ని ముట్టుకోకండి."

ఆ రోజు ఫోన్లో హడావిడిగా చెప్పినదాన్నే ఇక్కడ విడమరచి రాస్తున్నాను. సంగతి అమెరికాలోని ఒక రకం ఇళ్లదే అయినా, అందులో ఉన్న భౌతికశాస్త్రం మన ఇంటి త్రీపిన్ సాకెట్ వెనక కూడా ఉంది.

చక్రాల మీద వచ్చిన ఇల్లు

ఈ ఇళ్లను ఫ్యాక్టరీలోనే కడతారు. ఉక్కు దూలాల చట్రం మీద నేల, గోడలు, కప్పు, వంటగది, వైరింగ్ అన్నీ పూర్తిచేసి, కింద చక్రాలు తగిలించి, లారీతో లాక్కొచ్చి స్థలంలో దింపుతారు. అమెరికాలో సుమారు 2 కోట్ల మంది ఇలాంటి ఇళ్లలో ఉంటున్నారు. వాటిలో చాలామందికి సొంతిల్లు అంటే అందుబాటులో ఉన్నది ఇదే. ఒకప్పుడు వీటిని మొబైల్ హోం అనేవారు. 1974లో వీటి భద్రత కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. 1976 జూన్ 15 నుంచి దేశమంతటికీ ఒకే నిర్మాణ ప్రమాణం అమల్లోకి వచ్చింది. ఆ తేదీ తర్వాత తయారైనవాటినే మాన్యుఫ్యాక్చర్డ్ హోం అంటున్నారు. జనం మాత్రం ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తారు.

కరెంటు దృష్టితో చూస్తే ఈ ఇల్లు ఇటుక ఇంటికీ చెక్క ఇంటికీ చాలా భిన్నమైనది. కాళ్ల కింద ఇంటి పొడవునా ఉక్కు చట్రం ఉంటుంది. చాలా పాత ఇళ్లకు బయటి గోడల రేకు, కప్పు రేకు కూడా లోహమే. వీటన్నిటినీ తీగలతో కలిపి ఎర్త్ చేస్తారు. అంటే ఇల్లు మొత్తం దాదాపు ఒకే పెద్ద లోహపు పెట్టె అన్నమాట. రెండో తేడా, మెయిన్ స్విచ్ సాధారణంగా ఇంట్లో ఉండదు. ఇంటికి 30 అడుగుల లోపల, కంటికి కనిపించే దూరంలో, ఒక స్తంభం మీద ఉంటుంది. అక్కడి నుంచి ఇంట్లోకి నాలుగు వైర్లు వస్తాయి. గోడలో కనిపించే బ్రేకర్ల పెట్టె ఆ మెయిన్‌కు కొమ్మ మాత్రమే. ఈ రెండో తేడా మీదే తర్వాతి కథంతా నడుస్తుంది.

రెండు వోల్టేజీల పొయ్యి

అమెరికాలో వంటపొయ్యి, దాని కింద ఓవెన్ కలిసి ఒకే యంత్రంగా వస్తాయి. దాన్ని రేంజి అంటారు. అది పనిచేసే తీరు అర్థం కావాలంటే అక్కడి సరఫరా తెలియాలి. వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇంటివైపు చుట్ట రెండు కొసల నుంచి రెండు ఫేజ్ తీగలు, సరిగ్గా మధ్య నుంచి ఒక న్యూట్రల్ తీగ బయటికి వస్తాయి. ఏ ఫేజ్‌కైనా న్యూట్రల్‌కూ మధ్య 120 వోల్టులు. రెండు ఫేజ్‌ల మధ్య 240 వోల్టులు.

రేంజిలో వేడినిచ్చే కాయిల్స్ 240 వోల్టుల మీద నడుస్తాయి. ఎనిమిదంగుళాల పెద్ద కాయిల్ 2,600 వాట్లు అనుకుంటే దాని నిరోధం దాదాపు 22 ఓమ్‌లు, అందులో పారే కరెంటు 11 ఆంపియర్లు. నాలుగు పొయ్యిలు, ఓవెన్ కలిపితే 10 నుంచి 12 కిలోవాట్లు. మన ఇళ్లలో వాడే 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌లు ఐదారు ఒకేసారి వెలిగించినట్టు. అందుకే దానికి గోడలో 50 ఆంపియర్ల ప్రత్యేక సాకెట్ ఉంటుంది.

ఇంత కరెంటు మింగే కాయిల్స్‌కు న్యూట్రల్ అవసరమే లేదు. ఒక ఫేజ్ నుంచి వచ్చి రెండో ఫేజ్‌కు వెళ్లిపోతుంది. న్యూట్రల్ కావలసింది 120 వోల్టుల మీద నడిచే చిల్లర సరంజామాకు: గడియారం, కంట్రోల్ బోర్డు, ఓవెన్ లోపలి చిన్న బల్బు.

ఈ చిన్న బల్బును గుర్తుంచుకోండి.

రాగి ఆదా కోసం ఒక సర్దుబాటు

రెండు ఫేజ్‌లు, ఒక న్యూట్రల్, ఒక ఎర్త్. లెక్కప్రకారం రేంజికి నాలుగు వైర్లు కావాలి. కానీ రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాగికి కొరత వచ్చింది. న్యూట్రల్‌లో పారేది తక్కువ కరెంటే కదా, రేంజి ఒంటిని దానికే కలిపేస్తే ఎర్త్ వైరు ఖర్చు మిగులుతుంది అనుకున్నారు. నియమాల్లో ఆ వెసులుబాటు ఇచ్చారు. యుద్ధం అయిపోయినా సర్దుబాటు పోలేదు. 1996 నాటి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ వచ్చేదాకా అమెరికాలో కొత్త ఇళ్లకు కూడా మూడు వైర్ల రేంజి సాకెట్లు బిగించారు. పాత ఇళ్లలో ఉన్నవాటిని ఉండనిచ్చారు. మా అక్కకు వచ్చిన పొయ్యి అలాంటి పాత ఇంటిదే.

మూడు వైర్ల పద్ధతిలో పొయ్యి వెనక, న్యూట్రల్ టెర్మినల్‌కూ పొయ్యి ఒంటికీ మధ్య ఒక చిన్న లోహపు పట్టీ ఉంటుంది. న్యూట్రల్, ఎర్త్ అనే రెండు పనుల్నీ ఒక్క తీగతో చేయించే వంతెన అదే.

"న్యూట్రల్, ఎర్త్ రెండూ చివరికి మెయిన్ దగ్గర ఒకే చోట కలుస్తాయి కదా, మరి పొయ్యి దగ్గర కలిపితే తప్పేంటి?" అని అక్క అడిగింది. లెక్కల టీచరు అడగాల్సిన ప్రశ్నే. సర్క్యూట్ బొమ్మలో చూస్తే రెండూ ఒకే బిందువు. కానీ నిజమైన తీగలకు నిరోధం ఉంటుంది, అవి తెగుతాయి, స్క్రూలు వదులవుతాయి. న్యూట్రల్ రోజూ కరెంటు మోసే తీగ. ఎర్త్ తీగ పని ఖాళీగా ఉండటం. ఎక్కడైనా ఫేజ్ తీగ ఊడి లోహపు ఒంటికి తగిలితే, ఆ క్షణంలో వందల ఆంపియర్లు మోసి బ్రేకర్ పడేలా చేయడానికే అది ఉంది. ఖాళీగా ఉన్నంతకాలం దానికి తగిలి ఉన్న లోహమంతా సున్నా వోల్టుల దగ్గర ఉంటుంది. కరెంటు మోసే తీగను మన చేతికి తగిలే లోహానికి కట్టేస్తే, ఆ తీగకొచ్చే ప్రతి జబ్బూ మన చేతికి వస్తుంది.

వెలగని బల్బు

పక్కింటాయన చెప్పినట్టు మూడు రంధ్రాల సాకెట్ బిగించారనే అనుకుందాం. పొయ్యి చక్కగా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి పనిచేయవచ్చు. ఒకరోజు సాకెట్‌లో న్యూట్రల్ స్క్రూ వదులై ఆ తీగ బయటికి వచ్చేసింది. కాయిల్స్‌కు న్యూట్రల్‌తో పని లేదు కాబట్టి అవి ఎర్రగా కాలుతూనే ఉంటాయి. వంటకు ఏ ఆటంకమూ రాదు.

మీరు ఒక చేయి ఫ్రిజ్ మీద వేసి, రెండో చేత్తో ఓవెన్ తలుపు తీశారు. తలుపు తీయగానే బల్బు స్విచ్ పడుతుంది. ఫేజ్ నుంచి కరెంటు బల్బులోకి వచ్చి, న్యూట్రల్ టెర్మినల్‌కు చేరి, ముందుకు దారిలేక పట్టీ గుండా పొయ్యి ఒంటికి వస్తుంది. అక్కడి నుంచి మీ చేయి, ఛాతీ, రెండో చేయి, ఎర్త్ అయివున్న ఫ్రిజ్. 40 వాట్ల బల్బు నిరోధం 360 ఓమ్‌లు. తడిచేతుల మనిషి ఒంటి నిరోధం 1,000 ఓమ్‌లని తీసుకుంటే, 120ని 1,360తో భాగించాలి. 88 మిల్లీయాంపియర్లు వస్తుంది. బల్బు తీగ చల్లగా ఉన్నప్పుడు నిరోధం ఇంకా తక్కువ కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే పారుతుంది.

గుండె మీదుగా 50 మిల్లీయాంపియర్లు కొన్ని సెకన్లు పారితే చాలు, గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. పొయ్యికి ఉన్నది 50 ఆంపియర్ల బ్రేకర్. ఈ 88 మిల్లీయాంపియర్లు దాని దృష్టిలో ఐదువందల అరవయ్యో వంతు కూడా కాదు. అది ఎప్పటికీ పడదు. బల్బు కూడా సరిగా వెలగదు. బయటి నుంచి చూసేవాళ్లకు ఆ ఇంట్లో కనిపించే లోపమల్లా ఒకటే, ఓవెన్ బల్బు మాడిపోయింది అని.

ఇటుక ఇంట్లోనూ ఈ ప్రమాదం ఉన్నదే. లోహపు పెట్టె లాంటి ఇంట్లో ఎర్త్ అయిన లోహం ఎటు చూసినా చేతికందేంత దగ్గర్లో ఉంటుంది. అందుకే పాత ఇళ్లకిచ్చిన వెసులుబాటు ఈ ఇళ్లకు వర్తించదు. రేంజికి నాలుగు వైర్ల త్రాడు, నాలుగు పిన్నుల ప్లగ్గు ఉండి తీరాలి. ఇంటి లోపల న్యూట్రల్ ఎక్కడా ఏ లోహపు ఒంటికీ తగలకూడదు. ఆ రెండూ కలిసేది బయట మెయిన్ దగ్గర ఒక్కచోటే. ఇంట్లోని ప్యానెల్‌లోగానీ, పరికరాల్లోగానీ రెంటినీ కలిపే స్క్రూలు, పట్టీలు ఉంటే వాటిని తీసేసి పారేయాలి అని ప్రమాణంలోనే రాశారు. తీసి పక్కన పెట్టమని కాదు, పారేయమని. ఆ మాట రాసినవాళ్లకు మనుషుల అలవాట్లు బాగా తెలుసు.

పచ్చ వైరులో ఏడు ఆంపియర్లు

అసలు చిక్కు సాకెట్ కాదు, ఈ పట్టీ. అమెరికాలో కొత్త రేంజి కొన్నా పెట్టెలో త్రాడు ఉండదు. ఇంటి సాకెట్‌ను బట్టి మూడు వైర్లదో నాలుగు వైర్లదో విడిగా కొనుక్కోవాలి. పొయ్యి మాత్రం పట్టీ బిగించే వస్తుంది. నాలుగు వైర్ల త్రాడు వేసేవాళ్లు దాన్ని విప్పాలి. చాలామంది విప్పరు. విప్పకపోయినా పొయ్యి వెలుగుతుంది కదా.

రెండు రోజుల తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియన్ ముందు కొత్త పొయ్యి జోలికి పోలేదట. పాత పొయ్యి ఇంకా గోడకే తగిలి ఉంది. ఆయన ప్యానెల్ మూత విప్పి, పాత పొయ్యికి వెళ్లే పచ్చ రంగు ఎర్త్ వైరు చుట్టూ క్లాంప్ మీటర్ పెట్టాడు. అక్కడ సున్నా చూపించాలి. 7 ఆంపియర్లు చూపించింది. పొయ్యి ఆపే ఉంది. ఆయన మాటాడకుండా వెళ్లి పొయ్యి ప్లగ్గు పీకాడు. ఆ క్షణంలో హాల్లో లైట్లు మసకబారాయి, పడగ్గది లైట్లు ఒక్కసారిగా ప్రకాశవంతమయ్యాయి.

"బాగుచేయడానికి వచ్చి పాడుచేశాడేమో అనుకున్నాన్రా" అంది అక్క.

జరిగింది తెలుసుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. బయట స్తంభం దగ్గర న్యూట్రల్ స్క్రూ ఎప్పుడో వదులై తుప్పు పట్టింది. అక్కడ ఓమున్నర దాకా నిరోధం పేరుకుంది. మామూలుగా అయితే న్యూట్రల్ ఇలా బలహీనపడగానే ఇల్లే చెబుతుంది. సగం లైట్లకు 109 వోల్టులు, మిగతా సగానికి 131 వోల్టులు వచ్చి, ఒకటి మసకబారితే ఇంకొకటి మెరుస్తుంది. కానీ పాత పొయ్యి వెనక ఎవరో పట్టీ విప్పకుండా వదిలేశారు. ఇంటి న్యూట్రల్ కరెంటు తన దారి మూసుకుపోతుంటే పొయ్యి వెనక పట్టీ గుండా పచ్చ వైరులోకి దూకి, ఎర్త్ దారిలో బయటికి పోవడం మొదలుపెట్టింది. 8 ఆంపియర్లు వెళ్లాల్సి ఉంటే 7కు పైగా అటే పోతున్నాయి. లైట్లు నిలకడగా వెలుగుతున్నాయి. పట్టీ ఆ జబ్బును దాచిపెట్టింది.

తర్వాత వదులవ్వాల్సింది ఆ ఎర్త్ స్క్రూ ఒక్కటే. అది కూడా పోయి ఉంటే వెనక్కి వెళ్లే దారి లేక, పొయ్యి, ఫ్రిజ్, సింకు, తలుపు చట్రం, కింద ఉక్కు దూలాలు అన్నీ ఒక్కసారే 120 వోల్టుల దాకా ఎక్కేవి. వానలో తడిసిన నేల మీద నిలబడి తలుపు పిడి పట్టుకున్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

స్క్రూలు ఎందుకు వదులవుతాయన్నది అక్క రెండో ప్రశ్న. ఇంటి దాకా వచ్చే లావు తీగలు ఎక్కువగా అల్యూమినియం. వేడికి రాగి కన్నా అది ఎక్కువ వ్యాకోచిస్తుంది, డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు, రాగి అయితే 17. పైగా స్క్రూ కింద ఒత్తిడికి మెల్లగా కుంగిపోతుంది. గాలి తగిలితే పైన ఏర్పడే ఆక్సైడ్ పొర కరెంటును పోనివ్వదు. రోజూ వేడెక్కి చల్లారే ప్రతిసారీ అతుకు ఇంకాస్త వదులవుతుంది. ఇది పెద్ద తీగలతో ఆగలేదు. 1960ల చివర, 1970ల మొదట్లో రాగి ధర పెరిగి, అమెరికాలో గదుల్లోని సన్నని వైరింగ్‌కు కూడా అల్యూమినియం వాడారు. 1972కు ముందు అలా కట్టిన ఇళ్లలో సాకెట్ అతుకులు నిప్పంటుకునే స్థితికి చేరే అవకాశం రాగి ఇళ్లకన్నా 55 రెట్లు ఎక్కువని అక్కడి వినియోగదారుల భద్రతా సంఘం చేయించిన సర్వే తేల్చింది.

ఎలక్ట్రీషియన్ బయటి అతుకును కోసి, శుభ్రంచేసి, ఆక్సైడ్ పట్టకుండా రాసే పేస్టు పూసి కొత్త లగ్‌తో బిగించాడు. తెచ్చిన పొయ్యికి నాలుగు వైర్ల త్రాడు వేసి పట్టీ విప్పాడు. ప్లగ్గు గోడలో పెట్టక ముందే మల్టీమీటర్‌తో రెండు కొలతలు చూశాడు. ఎర్త్ పిన్నుకూ పొయ్యి ఒంటికీ మధ్య నిరోధం దాదాపు సున్నా ఉండాలి. న్యూట్రల్ పిన్నుకూ ఒంటికీ మధ్య అసలు సంబంధమే ఉండకూడదు. పాత పొయ్యికి ఈ రెండో కొలత ఎవరైనా చూసి ఉంటే ఒక్క నిమిషంలో దొరికిపోయేది.

మన సాకెట్ వెనక తుంట తీగ

ఇక్కడి పాఠకులు అమెరికా రేంజి కొనకపోవచ్చు. కానీ ఆ పట్టీకి మన దగ్గర ఒక తమ్ముడున్నాడు. ఎర్త్ వైరు లాగని పాత ఇంట్లో త్రీపిన్ సాకెట్ పెట్టాల్సి వస్తే, కొందరు సాకెట్ వెనక న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకు ఒక తుంట తీగ వేసేస్తారు. టెస్ట్ ల్యాంపు ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య పెడితే చక్కగా వెలుగుతుంది. ఎర్త్ ఉందనే అనిపిస్తుంది.

ఇక్కడ వోల్టేజి 230. ఆ సాకెట్‌కు 2,000 వాట్ల గీజర్ తగిలించి ఉండగా ముందెక్కడో న్యూట్రల్ పోయిందనుకోండి. గీజర్ కాయిల్ నిరోధం 26 ఓమ్‌లే. తుంట తీగ గుండా గీజర్ ఒంటికి, అక్కడి నుంచి తడి ఒంటితో తడి నేల మీద నిలబడ్డ మనిషికి పారేది 220 మిల్లీయాంపియర్ల పైమాటే. సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారై ఉంటే ఏదీ తెగనక్కర్లేదు, స్విచ్ వేయగానే ఒళ్లంతా ఫేజే.

ఇంకో విచిత్రం చూశాను. 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఇలాంటి తుంట తీగ ఉంటే, ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంది. వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా కొంత ఎర్త్ దారి పడుతోంది కాబట్టి అది తన పని తాను చేస్తోంది. "ఇది సెట్ కాలేదండీ, తీసేస్తే గోల ఉండదు" అని దాన్నే తీయించేస్తారు. నిర్మాణ స్థలాల దగ్గర కూలీలు ఉండే ఇనుప క్యాబిన్లలో, కంటైనర్ గదుల్లో అయితే ఈ పొరపాటుకు శిక్ష ఇంకా ఎక్కువ. అవి అచ్చంగా మా అక్క ఇల్లు లాంటివే, ఎటు ముట్టుకున్నా లోహం. అక్కడ వంటకు వాడేది తరచుగా తెరిచిన కాయిల్ హీటర్.

అమెరికా వెళ్లే మనవాళ్లకు పనిలో పనిగా ఒక హెచ్చరిక: మన పాత వైరింగ్‌లో నల్ల వైరు న్యూట్రల్, అక్కడ నల్ల వైరు ఫేజ్. తెల్లది న్యూట్రల్. చేతి అలవాటును నమ్ముకోకూడదు.

మళ్లీ అక్క వంటింటికి వస్తే, వైర్లు అయ్యాక ఇంకో రెండు పనులు మిగిలాయి. పొయ్యి పైభాగం నుంచి చెక్క అల్మరా అడుగుదాకా కనీసం 24 అంగుళాలు ఉండాలి, ఈ ఇళ్ల ప్రమాణంలో అది నియమం. కొలిస్తే సరిపోయింది. రెండోది, పొయ్యి వెనక కాలిని నేలకు పట్టి ఉంచే చిన్న బ్రాకెట్. తెరిచిన ఓవెన్ తలుపు మీద పిల్లలు ఎక్కితే తలుపు మీటలా పనిచేసి, మరుగుతున్న గిన్నెలతో సహా పొయ్యి ముందుకు తిరగబడుతుంది. కొత్త రేంజిలు తేలిక కాబట్టి ఈ బెడద ఎక్కువ. పాత ఇంటి నుంచి వచ్చేటప్పుడు ఆ బ్రాకెట్ రాలేదు, కొత్తది కొని బిగించారు.

ఆ రాత్రి అక్క మళ్లీ ఫోన్ చేసింది. వెనక నాలుగు పొయ్యిలూ వెలుగుతున్నాయి, ఏదో పోపు చిటపటలాడుతోంది. అరచేతిలో రెండంగుళాల లోహపు పట్టీ పట్టుకుని కెమెరాకు చూపించింది.

"ఇదిగోరా ఆ పట్టీ. డ్రాయర్లో దాచనా, మళ్లీ ఎప్పుడైనా పనికొస్తుందేమో?"

"పారేయమని రూల్లోనే రాశారక్కా."